ఆర్‌లో టేబుళ్లు కలపాలంటే: ఎస్‌క్యూఎల్‌డీఎఫ్ మేలా, డీప్లైర్ మేలా?

బరంపురంలో పీజీ చేస్తున్న పిల్లలు, రాయగడ, గుణుపురం వైపు సర్వే పనుల్లో ఉన్నవాళ్లు గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్ గురించి నన్ను మాటిమాటికీ అడిగేది ఇదే: "ఎస్‌క్యూఎల్ వచ్చు కదా మాస్టారూ, ఆర్‌లో కూడా దాంతోనే నెట్టుకొచ్చేస్తే పోదా? మళ్లీ డీప్లైర్ నేర్చుకోవాలా?"

చాలావరకు నెట్టుకురావచ్చు. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌లను ప్రశ్నలడిగే భాష; దాన్ని ఆర్‌లో నడిపే ప్యాకేజీ ఎస్‌క్యూఎల్‌డీఎఫ్ ఉన్నదే అందుకు. డీప్లైరేమో టేబుళ్లని ఆర్ ఆజ్ఞలతోనే మలిచే ప్యాకేజీ. ఎస్‌క్యూఎల్‌డీఎఫ్ ఏం చేస్తుందంటే, డేటా ఫ్రేమ్‌ని, అంటే ఆర్‌లోని టేబుల్‌ని, తాత్కాలికంగా ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి ఎక్కించి, క్వెరీ నడిపి, జవాబు మన చేతికిచ్చి, ఆ డేటాబేస్‌ని చెరిపేస్తుంది. వేగం గురించి చాలామంది వాదించుకుంటారు గానీ, ఒక బ్లాకు సర్వే ఫైలుకి ఆ తేడా తెలియనే తెలియదు. నేను చూసేది వేరు: లెక్క తప్పుతున్నప్పుడు ఏది నోరు విప్పుతుంది?

తేదీలు తీసుకోండి. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు. ఆర్‌లోని తేదీ అక్కడికి 1970 జనవరి 1 నుంచి లెక్కేసిన రోజుల సంఖ్యగా వెళ్తుంది. 2023 జూన్ 15 అంటే 19523. మీరు మామూలుగా కోట్స్‌లో '2023-06-15' అని రాసి, ఆ తర్వాతి వరుసలు అడిగితే ఒక్కటీ రాదు. ముందువి అడిగితే అన్నీ వచ్చేస్తాయి. ఎస్‌క్యూలైట్ లెక్కలో ఏ సంఖ్యయినా ఏ అక్షరాలకన్నా చిన్నదే మరి! ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. డీప్లైర్ ఫిల్టర్‌లో అదే పోలిక సరిగ్గా నడుస్తుంది.

భాగహారమూ అంతే. పూర్ణాంకాల కాలమ్ మొత్తాన్ని కౌంట్‌తో భాగిస్తే, ఎస్‌క్యూలైట్ 7ని 2తో భాగించి 3 అంటుంది. సగటు తీసే ఏవీజీ వాడితే 3.5 వస్తుంది, కానీ ఖాళీ గళ్లను చెప్పకుండా వదిలేస్తుంది. ఆర్‌లో సగటు తీసే మీన్ అయితే ఖాళీ ఉన్నచోట ఎన్‌ఏ (విలువ లేదు) అని మొహం మీదే చెబుతుంది. చిరాకే, కానీ నాకా చిరాకే కావాలి.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఫైళ్లలో ఇంకో తలనొప్పి ఉంది, ఒకే ఊరికి రెండు పేర్లు. ఒకదాంట్లో పర్లాకిమిడి, ఇంకోదాంట్లో పారలాఖెముండి. ఒకచోట బరంపురం, మరోచోట బ్రహ్మపుర్. వీలైతే పేర్లు వదిలి ఎల్‌జీడీ కోడ్‌లతో (ప్రభుత్వం ఒక్కో ఊరికీ ఇచ్చిన సంఖ్యలు) కలపండి. పేర్లతోనే కలపక తప్పకపోతే జత కుదరని ఊళ్లేవో ముందు చూడాలి. డీప్లైర్‌లో యాంటీ జాయిన్ ఒక్క మాటతో ఆ పని అయిపోతుంది. ఎస్‌క్యూఎల్‌లో చాలామంది ఒక జాబితాలో ఉండి రెండోదాంట్లో లేనివి అడగడానికి నాట్ ఇన్ రాస్తారు. ఆ రెండో జాబితాలో ఒక్క ఖాళీ ఉన్నా జవాబు సున్నా వరుసలే. అన్నీ కుదిరిపోయాయనుకుని రిపోర్ట్ పంపేస్తారు. నాట్ ఎగ్జిస్ట్స్ రాసే అలవాటున్నవాళ్లకి ఈ బెడద లేదు.

డీప్లైర్ కూడా పూర్తిగా సాధువేం కాదు. కోడ్ లేని వరుసలు రెండు టేబుళ్లలోనూ ఉంటే, మామూలు సెట్టింగ్‌లో ఖాళీకి ఖాళీని జతచేసేస్తుంది. ఎస్‌క్యూఎల్ ఆ పని చేయదు, ఇక్కడ దానిదే పైచేయి. జాయిన్‌లో ఎన్‌ఏ మ్యాచెస్‌ని 'నెవర్' అని పెట్టుకోవాలి. అయితే ఒకే కోడ్ రెండు వైపులా పలుమార్లు ఉండి వరుసలు పెరిగిపోతుంటే, ఇప్పటి వెర్షన్లు వార్నింగ్ ఇస్తాయి. ఎస్‌క్యూఎల్‌డీఎఫ్ ఉలకదు, పలకదు.

డేటా.టేబుల్ అనే మరో ఆర్ ప్యాకేజీ పెద్ద ఫైళ్లకి చాలా బాగుంటుంది, ఆ చదరపు బ్రాకెట్ల రాత అలవాటైనవాళ్లకి.

ఎస్‌క్యూఎల్ వదలలేం అంటారా, అయితే ఎస్‌క్యూలైట్ బదులు డక్‌డీబీ అనే డేటాబేస్ పెట్టుకోండి. డేటా ఫ్రేమ్‌ని కాపీ చేయకుండానే రిజిస్టర్ చేసుకోవచ్చు, తేదీకి సొంత రకం ఉంది, 7ని 2తో భాగిస్తే 3.5 అనే అంటుంది. నాట్ ఇన్ సంగతి మాత్రం అక్కడా అంతే.