ఓర్కా: ఆరేళ్ళు వాడాక నా రివ్యూ (4/5)

నేను కెమిస్ట్‌నంటే మా అమ్మమ్మ ఇప్పటికీ నమ్మదు. "కోటు లేదు, చేతికి యాసిడ్ మరక లేదు, పొద్దస్తమానం ఆ డబ్బా ముందే కూర్చుంటావు, ఏం కెమిస్ట్‌వే నువ్వు?" అంటుంది. కంప్యూటర్‌తో కెమిస్ట్రీ లెక్కలు చేసే పద్ధతులకి 1998లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న జాన్ పోపుల్ పీహెచ్‌డీ చేసింది గణితంలోనే అని చెప్పి చూశాను, లాభం లేదు.

ఆ డబ్బాలో, అంటే నా కంప్యూటర్‌లో, ఆరేళ్ళు నడిచింది ఓర్కా. జర్మనీలోని ముల్‌హైమ్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థలో ఫ్రాంక్ నీజె బృందం తయారుచేసే క్వాంటం కెమిస్ట్రీ ప్రోగ్రామ్, అంటే అణువుల శక్తి, ఆకారం లాంటివి లెక్కగట్టేది. యూనివర్సిటీల్లో పరిశోధనకి ఉచితం. ఈ ఒక్కదానికే రెండు స్టార్లు ఇచ్చేస్తాను, ఎందుకంటే నేను చేరినప్పుడు మా ల్యాబ్‌లో డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఒకే మెషీన్‌లో ఉండేది, సీనియర్ల జాబ్‌లన్నీ (కంప్యూటర్‌కి అప్పజెప్పిన లెక్కలు) అయ్యి నా వంతు వచ్చేసరికి వారం గడిచేది. ఓర్కానైతే నా పాత ల్యాప్‌టాప్‌లోనే వేసుకుని నీటి అణువుతో మొదలుపెట్టాను.

బటన్లు, మెనూలు ఏమీ ఉండవు. టెక్స్ట్ ఫైల్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి, పక్కన పద్ధతి పేరు, బేసిస్ సెట్ (ఎలక్ట్రాన్లని వర్ణించడానికి వాడే ఫంక్షన్ల కట్ట) పేరు, కింద ఏ పరమాణువు ఎక్కడుందో అంకెలు. అణువు బొమ్మ గీసుకోవడానికి అవొగాడ్రో అనే ప్రోగ్రామ్ దించుకోండి, అదీ ఉచితమే.

అసలు సరుకు డీఎల్‌పీఎన్‌ఓ, పెద్ద అణువుల లెక్కని తేలిక చేసే పద్ధతి. ఈ రంగంలో కచ్చితత్వానికి గీటురాయిగా చూసే సీసీఎస్‌డీ(టీ) అనే లెక్కలో అణువు రెట్టింపైతే పని 128 రెట్లవుతుంది, అంటే చిన్న అణువులు దాటితే చేతులెత్తేయాల్సిందే. ఓర్కా వాళ్ళు దూరదూరంగా ఉన్న ఎలక్ట్రాన్ జంటల్ని పైపైన తేల్చేసి దగ్గరివాటి మీదే శ్రమ పెట్టి, 2013లో 644 పరమాణువులున్న క్రాంబిన్ అనే ప్రోటీన్‌కి కూడా ఆ లెక్క చేసి చూపించారు.

కొత్తవాళ్ళు రెండు చోట్ల దెబ్బ తింటారు. ఇన్‌పుట్ ఫైల్‌లో మాక్స్‌కోర్ అనే సెట్టింగ్ దగ్గర ఇచ్చే మెమరీ ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్‌కి, మొత్తానికి కాదు. నేను మొత్తమనుకుని 8 కోర్లకి 16000 ఎంబీ ఇచ్చాను, అది 128 జీబీ అడిగింది, సర్వర్ పడిపోయింది, దాంతోపాటు సీనియర్ మూడు రోజుల జాబ్ కూడా. ఆ సాయంత్రం క్యాంటీన్‌కి వెళ్ళలేదు. రెండోది, ఓర్కాలో మామూలుగా బీ3ఎల్‌వైపీ (బాగా వాడుకలో ఉన్న ఒక లెక్క పద్ధతి) అని రాస్తే వచ్చే శక్తి గాసియన్ అనే ఇంకో ప్రోగ్రామ్ ఇచ్చే శక్తితో కలవదు, లోపలి ఫార్ములా కొంచెం వేరు. కలవాలంటే పేరు చివర స్లాష్ పెట్టి జీ రాయాలి. మాన్యువల్‌లో ఉంది, కానీ అంత లావు మాన్యువల్ ముందే చదివేదెవరు? ఒక స్టార్ కోత దానికే.

రాత్రంతా నడిచిన జాబ్‌లో అణువు ఆకారం కుదిరితే ఔట్‌పుట్ మధ్యలో నక్షత్రాల నడుమ "హుర్రే" అని వస్తుంది. పొద్దున్నే టెన్షన్‌గా ఫైల్ తెరిచి ముందు ఆ మాట కోసమే వెతికేదాన్ని.

కంపెనీలు మాత్రం లైసెన్స్ కొనుక్కోవాలి. నేను పోయిన నెల ఫార్మా ఉద్యోగంలో చేరాను, ఇక్కడ వాడేది వేరే సాఫ్ట్‌వేర్. బటన్లు బోలెడున్నాయి. జాబ్ అయ్యాక మూలన చిన్న ఆకుపచ్చ టిక్కు పడుతుంది, అంతే.