సోమవారం నాటి ఢిల్లీ, ఒక గైడు

గత నవంబరులో నేను, నా భార్య, మా అమ్మ, పదకొండేళ్ల మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్లి, ఒక రోజంతా కారు, గైడు మాట్లాడుకుని ఊరు చూశాము. అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉండడంతో ముప్పై మందితో బస్సులో తిప్పే టూరు వద్దనుకున్నాము. మా కాలనీ దగ్గరి ట్రావెల్స్ వారు ఎనిమిది గంటలు, 80 కిలోమీటర్ల లెక్కన ఏసీ కారు, లైసెన్సు ఉన్న గైడు కలిపి 6,500 రూపాయలు అన్నారు. పార్కింగు, టికెట్లు, భోజనం ఖర్చు మాదే. వారు వాట్సాప్‌లో పంపిన కాగితంలో మొదటి పేరు ఎర్రకోట, చివరిది అక్షరధామ్. మాకు ఇచ్చిన తేదీ సోమవారం.

ఎర్రకోటకు సోమవారం సెలవు. అక్షరధామ్, లోటస్ టెంపుల్ కూడా ఆ రోజే మూసి ఉంటాయి. రోజూ ఢిల్లీ టూర్లు అమ్మేవారికి ఈ సంగతి తెలియదంటే నమ్మలేము. మాకు మాత్రం ఆ ఉదయం హోటల్లో గైడుగారు కాగితం చూసి, "ఇందులో సగం ఇవాళ మూతే సార్" అన్నాకే తెలిసింది. ట్రావెల్స్‌కు ఫోను చేస్తే, "గైడు అడ్జస్టు చేస్తాడు సార్" అని పెట్టేశారు. ఆయన చేశారు కూడా. ఎర్రకోటను మర్నాటికి వదిలేసి, కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి ఈ రెంటికే రోజును పంచుదామన్నారు. యాభై దాటిన మనిషి, మెడలో పర్యాటక శాఖ కార్డు, నెమ్మదైన ఉర్దూ. నా హిందీలో మన హైదరాబాదీ "నక్కో" (వద్దు) దొర్లగానే నవ్వి, ఏ ఊరని ఇక అడగనవసరం లేదన్నారు.

ఆ రోజుకు మేము ఇచ్చిన డబ్బు కుతుబ్ ఆవరణలోనే గిట్టిందని నా అభిప్రాయం. 72.5 మీటర్ల మినారు ఎవరూ చూపించనక్కర లేకుండానే కనిపిస్తుంది. మేమే వెళ్లి ఉంటే దాని ముందు ఫోటో దిగి, ఇనుప స్తంభం చుట్టూ తిరిగి అరగంటలో బయటపడేవాళ్లం. గైడుగారు మినారును పక్కన పెట్టి, ముందు ఆ ఆవరణలోనే ఉన్న పాత మసీదు మండపంలోకి తీసుకెళ్లి ఒక స్తంభం దగ్గర నిలబెట్టారు. గొలుసుకు వేలాడే గంట, దాని కింద కలశం, ఆ పక్కన ముఖం చెక్కేసిన ఒక బొమ్మ. ఇరవై ఏడు గుడుల రాళ్లతో దీన్ని కట్టామని తూర్పు ద్వారం మీది శాసనమే చెబుతోందని, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పారు. తరువాత ఎదురుగా ఉన్న పెద్ద కమానును చూపి, అది నిజమైన కమాను కాదన్నారు. స్థానిక శిల్పులకు కమాను కట్టే పద్ధతి అప్పటికి తెలియక, రాళ్లను ఒకదాని మీద ఒకటి కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ పైన కలిపేశారని, తన రెండు అరచేతుల వేళ్లను మెట్లలా పేర్చి అబ్బాయికి చూపించారు. అక్కడి నుంచి నాలుగడుగులు నడిపించి, 1311 నాటి అలాయ్ దర్వాజా ముందు, ఇదిగో అసలు కమాను, రాళ్లన్నీ నడిబిందువు వైపు తిరిగి ఉన్నాయి చూడు, అన్నారు. వాడు ఇప్పుడు పురానాపూల్ మీదుగా వెళ్లినా కమానుల రాళ్లు లెక్కపెడుతున్నాడు.

ఆ దర్వాజా కట్టించిన అలావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూరే 1310లో ఓరుగల్లు ప్రతాపరుద్రుడి నుంచి కప్పం పట్టుకుపోయాడని నేను అంటే, గైడుగారు కాసేపు ఓరుగల్లు కోట గురించి నన్నే అడిగారు. చెప్పడమే తప్ప వినడం తెలియని గైడులను చాలామందిని చూశాను కనుక ఇది నాకు బాగా నచ్చింది.

మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీనులో తిన్నాము. ముందు డబ్బు కట్టి, మన వంతు పిలిచేదాకా నిలబడాలి. జనం మధ్య అమ్మకు కుర్చీ దొరకడం కష్టమైంది గానీ, పప్పు, పొడి, నెయ్యి విస్తరిలో పడ్డాక ఆమె ఏ ఫిర్యాదూ చేయలేదు. దగ్గరలోనే హైదరాబాద్ హౌస్. ఏడవ నిజాం కోసం ఇంగ్లీషు వాస్తుశిల్పి లుట్యెన్స్ గీసిన భవనం, ఇప్పుడు కేంద్రం విదేశీ అతిథులకు విందులిచ్చే చోటు. లోపలికి మనల్ని పంపరు. కారు అద్దంలోంచి చూడడమే.

హుమాయూన్ సమాధి దగ్గర అమ్మ పైవేదికకు ఎక్కే నిటారు మెట్లను ఒకసారి చూసి, కింద నీటి కాలువ పక్కనే కూర్చుంది. గైడుగారు ఆమెకు అక్కడే చార్‌బాగ్ అంటే, కాలువలతో నాలుగు భాగాలు చేసిన తోట అంటే, ఏమిటో వివరించి, తరువాత మమ్మల్ని పైకి తీసుకెళ్లారు. ఈ సమాధి తోటలనూ, మన కుతుబ్‌షాహీ సమాధులనూ బాగుచేయించింది ఒకే ఆగాఖాన్ ట్రస్టు కావడం వల్లనేమో, సున్నం పూతల రంగు నాకు ఆ కుతుబ్‌షాహీ సమాధులున్న ఇబ్రహీంబాగ్‌ను గుర్తు చేసింది. కుడివైపు ఈసాఖాన్ ఎనిమిది పలకల సమాధి 1547 నాటిది, హుమాయూన్ సమాధికన్నా పాతది. దాన్ని చూడకుండా వెళ్లిపోయేవారే ఎక్కువ.

తరువాత వచ్చింది అసలు చిరాకు. "పది నిమిషాలు" అంటూ డ్రైవరు ఒక తివాచీల ఎంపోరియం ముందు ఆపాడు. టీ ఇచ్చి, నలభై నిమిషాలు తివాచీలు పరిచారు. మేము కొనకపోయేసరికి డ్రైవరు ముఖం మాడింది. గైడుగారు లోపలికి రాకుండా బయటే నిలబడ్డారు. అక్కడి కమీషన్ ఏర్పాటు ట్రావెల్స్‌కు, డ్రైవరుకు మధ్యే అని నాకు అనిపించింది. బుక్ చేసేటప్పుడే షాపింగు స్టాపు వద్దని రాయించుకోవాల్సింది.

మర్నాడు గైడు లేకుండా కరోల్‌బాగ్ హోటలు నుంచి మెట్రోలో మండీ హౌస్‌లో మారి లాల్ ఖిలా స్టేషనులో దిగాము. హోటలు గది చిన్నది, వేడినీళ్లు ఎనిమిది తరువాతే, అయినా మెట్రోకు నడక దూరం కనుక మళ్లీ అక్కడే దిగుతాను. ఎర్రకోటలో 1739లో నాదిర్‌షా నెమలి సింహాసనం పట్టుకుపోయిన దివాన్-ఎ-ఖాస్ (చక్రవర్తి ఆంతరంగిక సభామందిరం) ముందు నిలబడి బోర్డు చదివాము. అబ్బాయి మాత్రం పక్క గుంపు గైడు వెనుక చేరి దొంగతనంగా వింటూ నిలబడ్డాడు.

ఇంకోసారి వెళితే కుతుబ్‌కు, హుమాయూన్ సమాధికి మాత్రమే సగం రోజు గైడును నేరుగా మాట్లాడుకుంటాను, మిగతా ఊరు మెట్రోలో. గైడుగారి నంబరు దాచుకున్నాను. ట్రావెల్స్ వారు మూడుసార్లు అడిగాక 500 రూపాయలు వెనక్కి ఇచ్చారు.