కప్పల పేర్లు తేల్చుకోడానికి న్యూయార్క్ మ్యూజియం సైటు: నెల్లూరు జువాలజీ వాళ్లకి ఎంతవరకు అక్కరకొస్తుంది?

డిగ్రీ జువాలజీ రికార్డులో బోదురుకప్ప పేరు దగ్గరే తికమక. పాత పుస్తకంలో రానా టైగ్రినా, కొత్తదాంట్లో హోప్లోబట్రాకస్ టైగెరినస్. ఏది రాయాలో తేల్చాలంటే అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్ల ‘ఆంఫిబియన్ స్పీసీస్ ఆఫ్ ది వరల్డ్’ సైటే దిక్కు. డబ్బు కట్టక్కర్లేదు. డారెల్ ఫ్రాస్ట్ సంపాదకత్వంలో 1985లో పుస్తకంగా వచ్చిందే తర్వాత సైటయింది.

దీని పనితనం తెలియాలంటే మన బోదురుకప్పకి ఆఫ్రికాలో ఉన్న దాయాదిని వెతకండి: హోప్లోబట్రాకస్ ఆక్సిపిటాలిస్. ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. పేరు పక్కన గుంథర్, 1858 అని బ్రాకెట్లలో కనిపిస్తుంది. ఆ బ్రాకెట్లు ఊరికే పెట్టినవి కావు. 1858లో దీనికి మొదట పేరు పెట్టిన గుంథర్ దీన్ని రానా ప్రజాతిలో (జీనస్‌లో) చేర్చాడు, ఆ తర్వాత ప్రజాతి మారింది. మారకపోతే బ్రాకెట్లే ఉండవు. రికార్డులో వాటిని ఎగరగొట్టేస్తే తప్పే. కింద పాత పేర్లన్నీ సంవత్సరం, పేజీ నంబరుతో సహా వరసగా ఉంటాయి. సైటులో అసలు సరుకు ఇదే.

విస్తరణ, అంటే కప్ప ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పే భాగం దగ్గర మాత్రం జాగ్రత్త. మ్యాపు ఉండదు, వివరం రాతలోనే ఉంటుంది, దాంతోపాటు దేశాల పేర్లు. సహజంగా ఉన్నవి, అనుమానమున్నవి, మనుషులు తెచ్చి వదిలినవి అని విడివిడిగా ఇస్తారు. అన్నీ కలిపి ఎత్తి రాస్తే కొంప మునుగుతుంది. మన టైగెరినస్‌కి మడగాస్కర్ పేరు కనిపిస్తుంది, కానీ అక్కడికి దాన్ని మనుషులే చేర్చారు. ఆక్సిపిటాలిస్ అలా కాదు. ఉగాండా, కెన్యా, టాంజానియాల నుంచి పడమర సెనెగల్ దాకా దాని సొంత నేల. ఈ ప్రజాతి పుట్టుక ఆసియాలోనేనని, ఇటునుంచే ఆఫ్రికా చేరిందని మైటోకాండ్రియా డీఎన్ఏ చూసినవాళ్లు 2001లో చెప్పారు. ఇంకో సంగతి: ఇండియా అని ఉంటే గూడూరు మడిలోనూ కందుకూరు చెరువులోనూ ఉన్నట్టు కాదు. ఆ నమోదు మీరే చెయ్యాలి.

కప్పని గుర్తుపట్టడానికి ఈ సైటు పనికిరాదు. ఫొటోలకి ఆంఫిబియావెబ్ అనే ఇంకో సైటు చూడండి. రంగుని మాత్రం నమ్మొద్దు: జతకట్టే రోజుల్లో మగ బోదురుకప్ప పసుప్పచ్చగా మారి, గొంతు కింద నీలం సంచులు ఉబ్బుతాయి, మిగతా రోజుల్లో అదే కప్ప ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటుంది. వీపు మీద పొడుగ్గా సాగిన చర్మపు మడతలు, వెనక కాలి వేళ్ల మధ్య పొర చూసి ఫొటో తియ్యండి.

ఫోన్లో పేజీ మరీ పొడుగు, కంప్యూటర్లో తెరవడమే నయం. పేర్లు మారుతూనే ఉంటాయి గనక, ఏ వెర్షన్ నుంచి ఏ తారీకున తీసుకున్నారో రికార్డులో తప్పకుండా రాయండి.