మూఢంలో నిలబడ్డ బండి: వింటేజ్ గోల్ఫ్ కార్ట్‌తో మా మూడేళ్లు

మా ఫంక్షన్ హాలు గుంటూరు ఊరి బయట, పాత మామిడితోటలో ఉంది. చెట్లు కొట్టడం ఇష్టం లేక పార్కింగ్‌ని గేటు దగ్గరే ఉంచేశాం. అక్కడ కారు దిగితే మండపానికి మూడు వందల యాభై మీటర్లు నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ దారి చూసి గేటు దగ్గరే కుర్చీ వేయించుకున్న రోజులున్నాయి. అందుకే 2022 ఆషాఢంలో, పెళ్లిళ్లు లేని నెల చూసుకుని, పాతకాలం కారు ఆకారంలో చేయించిన ఆరు సీట్ల గోల్ఫ్ కార్ట్ తెప్పించాం. అప్పట్నుంచి రిసార్టులవాళ్లు, తోటలున్నవాళ్లు ‘మేమూ కొనొచ్చా’ అని అడుగుతూనే ఉన్నారు. ఫోన్లో రెండు నిమిషాల్లో తేలే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

చూడ్డానికి 1908 నుంచి 1927 దాకా అమెరికాలో తయారైన ఫోర్డ్ మోడల్ టి కారు పోలికలో ఉంటుంది. పొడుగాటి ముక్కు, ఇత్తడి జాలీ, గుండ్రటి పెద్ద లైట్లు, చక్రాల మీద వంపు తిరిగిన మడ్‌గార్డులు, రబ్బరు బుడ్డి హారన్. లోపల ఉన్నదంతా మామూలు గోల్ఫ్ కార్టే. 48 వోల్టుల బ్యాటరీ సెట్టు, 4 కిలోవాట్ల ఏసీ మోటారు, వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులు, పైన ఫైబర్ బాడీ. రవాణాతో కలిపి మాకు ఆరు లక్షల ఎనభై వేలు పడింది. అదే సామానుతో మామూలు ఆకారం బండి రెండు లక్షలు తక్కువకు వచ్చేది. ఆ రెండు లక్షలకు న్యాయం జరిగిందా అన్నదే అసలు ప్రశ్న.

నిజానికి నేను ఆ డబ్బు పెట్టింది ఫొటోల కోసం. పెళ్లికొడుకు, పెళ్లికూతురు దిగి వస్తుంటే బాగుంటుందని. బాగుంది కూడా, కాదనను. కానీ మూడేళ్ల తర్వాత లెక్క చూస్తే నాకు ఎక్కువ పనికొచ్చింది పక్కనున్న ఫుట్‌బోర్డు. మామూలు కార్ట్‌లో నేల నుంచి ఒక్కసారే పద్నాలుగు అంగుళాలు కాలు ఎత్తాలి. పాతకాలం కార్లకు తలుపుల కింద పొడుగ్గా మెట్టు ఉండేది కదా, ఆ పోలిక కోసం దీనికీ ఎనిమిది అంగుళాల ఎత్తులో వెడల్పాటి మెట్టు పెట్టారు. మొదటి నెలలోనే తెనాలి నుంచి వచ్చిన ఒక మామ్మగారు పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చున్నారు. ‘అబ్బాయ్, ఇదైతే నేనే ఎక్కగలనురా’ అన్నారు. ఆవిడ మనవడు నడుం పట్టుకుని ఎక్కించబోతే వద్దన్నారు. మీరు బండి చూడ్డానికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లి ఎక్కించి చూడండి. అందం కోసం పెద్ద అల్లాయ్ చక్రాలు వేయిస్తే ఈ మెట్టు కూడా పైకి లేస్తుంది. ఆ పని చేయించొద్దు.

ఇక ఆ కడ్డీ సంగతి. నిగనిగలాడే ఇత్తడి. మే నెలలో మధ్యాహ్నం పన్నెండు దాటాక దాన్ని పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. రెక్సిన్ సీట్లూ అంతే. కడ్డీలకు నూలు తాడు చుట్టించాం, సీట్లకు మంగళగిరి నూలు గుడ్డతో కవర్లు కుట్టించాం. తెల్ల అంచు టైర్లు మా నల్లరేగడి మట్టికి మొదటి వానతోనే రంగు మారాయి. ప్రతి ముహూర్తానికీ ముందు సబ్బుతో రుద్దాల్సిందే. వానలప్పుడు సిమెంటు బాట దిగితే బండి కూరుకుపోతుంది. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఆ పొడుగాటి ముక్కుతో. డ్రైవరు సీట్లో కూర్చుంటే ముక్కు ముందున్న చిన్నపిల్లలు కనిపించరు. పెళ్లిలో పిల్లలు ఎక్కడ పరుగెడతారో చెప్పలేం. అందుకని స్పీడు గంటకు పన్నెండు కిలోమీటర్లకు కట్టించి, బండి ముందు ఒక మనిషిని నడిపిస్తున్నాం.

ఇప్పుడు బ్యాటరీ గురించి. నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎక్కువ నేర్పింది ఇదే.

బండితో వచ్చినవి ఎనిమిది వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు. అవి రోజూ పనిచేస్తూ రోజూ చార్జ్ అవుతుంటే బాగుంటాయి. మన పెళ్లిళ్ల క్యాలెండరు అలా ఉండదు. శ్రావణంలో ఊపిరాడదు, తర్వాత భాద్రపదం ఖాళీ. మాఘ, ఫాల్గుణాల్లో పరుగులు, మూఢం వస్తే నెలల తరబడి తాళం. 2024లో ఏప్రిల్ ఆఖరు నుంచి మూఢం, దాని వెనకే ఆషాఢం. మూడు నెలలకు పైగా బండిని రేకుల షెడ్డులో నిలబెట్టేశాం. మెయిన్ స్విచ్ ఆపలేదు, చార్జింగు పెట్టలేదు. వాడకపోయినా లెడ్ యాసిడ్ బ్యాటరీ తనంతట తాను దిగిపోతుంది, ఎండకు ఇంకా త్వరగా. అలా దిగిపోయి ఉండిపోతే లోపల ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి కూర్చుంటుంది. తర్వాత ఎంత చార్జ్ చేసినా అది పూర్తిగా కరగదు.

శ్రావణంలో మొదటి పెళ్లి. రాత్రంతా చార్జింగు పెట్టాం, మీటరు నిండుగా చూపించింది. గేటు దగ్గర అయిదుగురిని ఎక్కించుకుని వంద మీటర్లు వచ్చేసరికి ముల్లు ఒక్కసారిగా కింద పడింది, బండి ఆగిపోయింది. పెళ్లికూతురి తాతగారిని దించి, చెట్టు కింద కుర్చీ వేసి, మా కుర్రాళ్లు బండిని తోసుకెళ్లారు. ఆయన ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ అనిపించింది. పాడైన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు వోల్టేజి బాగానే చూపిస్తుంది, బరువు పడితేనే బయటపడుతుందని ఆ రోజు తెలిసింది.

మూతలు తీసి చూస్తే ఇంకో తప్పు దొరికింది. డిస్టిల్డ్ వాటర్ అయిపోయినప్పుడు మావాళ్లు తాగే నీళ్ల క్యాన్‌లోంచి పోశారు, అదీ చార్జింగుకు ముందు నిండా పోశారు. చార్జ్ అయ్యేటప్పుడు నీరు పొంగి యాసిడ్‌తో సహా కిందికి కారి ట్రే తుప్పు పట్టింది. ప్లేట్లు మునిగేంత నీరు ముందే ఉంటే, మిగతాది చార్జింగు పూర్తయ్యాకే పోయాలి. చార్జ్ చేసే చోట గాలి ఆడాలి, హైడ్రోజన్ వస్తుంది. మేము మొదట్లో షామియానా గుడ్డలు పెట్టే గదిలో చార్జ్ చేసేవాళ్లం. తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

కొత్త లెడ్ యాసిడ్ సెట్టుకు ఎనభై వేలు పైన చెప్పారు. లక్షా నలభై వేలు పెట్టి 51.2 వోల్టుల లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ ప్యాక్ వేయించాం. చార్జరు కూడా దానికి తగ్గది మార్చాలి, పాతది పనికిరాదు. వంద కిలోలకు పైగా బరువు తగ్గడంతో వెనక కమాన్లు పైకి లేచి మొదట్లో వెనక సీటు కుదిపింది. ఒక పట్టీ తీయించాక సర్దుకుంది. ఇప్పుడు మూఢం వస్తే సగం చార్జ్ ఉంచి, మెయిన్ స్విచ్ ఆపి, నెలకోసారి చూస్తాం. అంతే. ఏడాదికి నాలుగైదు నెలలు బండి ఖాళీగా నిలబడే మనలాంటివాళ్లు మొదటిరోజే లిథియం అడగండి.

బాడీ గురించి టెన్షన్ అక్కర్లేదు. మడ్‌గార్డు ఒకసారి గేటు స్తంభానికి తగిలి పగిలింది. బెజవాడ ఆటోనగర్‌లో ఒక్కరోజులో ఫైబర్ అతికి రంగు కలిపి ఇచ్చారు, ఎక్కడ పగిలిందో నాకే కనపడదు. కంట్రోలరు, అంటే బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటును అదుపుచేసే పెట్టె, పోయినప్పుడు మాత్రం ఇరవై మూడు రోజులు ఆగాం. అమ్మినవాళ్లు వేరే రాష్ట్రం, ఫోను ఎత్తితే ‘పంపుతున్నాం’ అనే మాటే. ఆ మధ్యలో మూడు పెళ్లిళ్లకు మామూలు బండి అద్దెకు తెచ్చాం. చివరికి ఈ-రిక్షాలు బాగుచేసే ఒక మెకానిక్, కంట్రోలరు మీదున్న మోడల్ నంబరు చూసి, ఇంకోచోట తెప్పించి బిగించాడు.

ఊరేగింపుకు రోడ్డు మీదికి పంపమని చాలామంది అడుగుతారు. పంపం. మోటారు వాహనాల చట్టం, ఆవరణల్లో మాత్రమే తిరిగేలా చేసిన ప్రత్యేక బండ్లను మోటారు వాహనాల లెక్కలోంచి తప్పించింది. ఆవరణ దాటితే రిజిస్ట్రేషన్ లేని బండి అవుతుంది. గుంటూరు రోడ్డు మీద లారీల మధ్య, వెనక చక్రాలకే బ్రేకులున్న బండిలో పెళ్లికూతురిని కూర్చోబెట్టే ధైర్యం నాకు లేదు.

మీ ఆవరణ పెద్దదై, బాట గట్టిదై, ఏడాదికి నలభై యాభై కార్యాలు జరుగుతుంటే కొనండి, ఆ అదనపు రెండు లక్షలూ దండగ కావు. పది పదిహేను కార్యాలే అయితే అద్దెకు తెచ్చుకోవడం మేలు. ఇంట్లో వాడకానికి, సరదాకు అయితే నేను కొనమనను.

పోయిన వారం అమరావతి వైపు తోట ఉన్న ఒకాయన మా బండి చూడ్డానికి వచ్చారు. లైట్లూ జాలీ అన్నివైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నారు. నేను సీటు పైకెత్తి, కంట్రోలరు మీద అంటించిన చీటీ చూపించి, ముందు దీన్ని ఫొటో తీసుకోండి, మీరు కొనబోయే బండిలో ఏది ఉందో అడిగి ఈ సామాను బెజవాడలో దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి అన్నాను.