బోరునీళ్లలో మాంగనీస్‌కి గ్రీన్‌శాండ్ ఫిల్టర్: సరుకు మంచిదే, బిగింపుతోనే పేచీ

ఫ్లష్ ట్యాంకు మూత తీసి లోపలి గోడ మీద వేలితో రాస్తే కాటుకలా నల్లగా అంటుతోందా? చాలావరకు అది మాంగనీస్ అనే లోహమే. ఎర్రటి తుప్పు రంగైతే ఇనుము. బోరులోంచి వచ్చేటప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి, క్లోరిన్ తగిలాకో రాత్రంతా నిలిచాకో నలుపు తేలుతుంది. కరిగి ఉన్నది కాబట్టి క్యాండిల్ ఫిల్టర్‌కి చిక్కదు. కాచినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మాంగనీస్ లీటరుకి 0.1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు దొరకనిచోట 0.3 వరకు సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బాపాలు తాగే పసిపిల్లల్ని లెక్కలోకి తీసుకుని 0.08 అంది. ఆ వయసులో మాంగనీస్ ఒంటికి ఎక్కువ పడుతుంది, పైత్యరసం ద్వారా బయటికి పోయేది తక్కువ, మిగిలింది మెదడుకి చేరుతుంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవాళ్లు కూడా దాన్ని ఎక్కువగా పీల్చుకుంటారు. గరివిడి, చీపురుపల్లి వంటి మాంగనీస్ గనుల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నీళ్లు పరీక్ష చేయించకుండా ఏ ఫిల్టరూ కొనొద్దు. ఇనుము, మాంగనీస్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) మూడూ చూపించాలి.

గ్రీన్‌శాండ్ ఫిల్టర్‌గా ఇళ్లకు ఎక్కువగా పెట్టేది 13 అంగుళాల వ్యాసం, 54 అంగుళాల ఎత్తున్న ఎఫ్‌ఆర్‌పి (గాజునార కలిపిన ప్లాస్టిక్) ట్యాంకు. అడుగున గులకరాళ్లు, వాటిపైన మాంగనీస్ డయాక్సైడ్ పూత ఉన్న గ్రీన్‌శాండ్ అనే ఇసుక సుమారు 50 లీటర్లు. నీళ్లలోని మాంగనీస్‌ని పట్టుకునేది ఆ పూతే. పైన దాదాపు సగం ఖాళీ ఉండాలి, బ్యాక్‌వాష్‌లో (నీళ్లను కింది నుంచి పైకి తోసి ఇసుకని కడిగేటప్పుడు) ఇసుక లేచి కదలాలి కదా. "ఇంకో బస్తా పోశాం సార్" అని నిండా నింపితే ఇసుక ఉండలు కట్టి, నీళ్లు పక్కదారి పడతాయి.

బ్యాక్‌వాష్‌కి నిమిషానికి కనీసం 40 లీటర్ల నీళ్లు కావాలి. 20 లీటర్ల బకెట్ అర నిమిషంలో నిండాలి. మిద్దె మీది ట్యాంకునుంచి దిగే నీళ్లకు అంత ఊపు ఉండదు. అందుకే ఫిల్టర్‌ని బోరు మోటారుకీ మిద్దె ట్యాంకుకీ మధ్య పెట్టాలి. వడపోతలో మాత్రం నిమిషానికి 17 లీటర్లు దాటించొద్దు.

ఎక్కువమంది ఎగ్గొట్టేది క్లోరిన్ డోసింగ్ పంపు, అంటే ఫిల్టర్‌కి వెళ్లే నీళ్లలో కొలతగా క్లోరిన్ కలిపే పంపు. లీటరుకి మాంగనీస్ 0.5, ఇనుము 1 మిల్లీగ్రాము ఉన్న నీళ్లకు, వెయ్యి లీటర్లకి 10 శాతం సోడియం హైపోక్లోరైట్ (క్లోరిన్ ద్రావణం) సుమారు 20 మిల్లీలీటర్లు పడుతుంది. ఎండలో పెట్టిన డబ్బాలో బలం తగ్గిపోతుంది, నీడలో ఉంచాలి. కొత్త ఇసుకని మొదట కనీసం 4 గంటలు క్లోరిన్ నీళ్లలో నానబెట్టాలి. క్లోరిన్ లేకుండా నడిపితే పూత పనిచేయడం మానేస్తుంది, కొళాయిలో మళ్లీ నలుపే. పీహెచ్ 7 కంటే తక్కువైతే పని నెమ్మదిస్తుంది.

బ్యాక్‌వాష్ నీళ్లను చెరువులోకి వదలొద్దు. అందులోని క్లోరిన్ చేపలకు చేటు. నల్లమడ్డి అడుగున చేరి, ఆక్సిజన్ తగ్గినప్పుడు తిరిగి కరిగి పైకి వస్తుంది, గాలి తగిలాక మొప్పల మీద పేరుకుంటుంది. ఇసుక పరిచిన గుంతలోకి వదిలి, ఎండిన మడ్డిని చెక్కి తీసేయాలి.

ఈ ఫిల్టర్‌కి ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. తాగే నీళ్లకే అయితే ఇంత సరంజామా అక్కర్లేదు, చిన్న ఆర్‌ఓ చాలు. కాకపోతే మాంగనీస్ ఎక్కువున్న నీళ్లు నేరుగా ఇస్తే ఆర్‌ఓలోని వడపోత పొర (మెంబ్రేన్) త్వరగా పాడవుతుంది.