సెనేట్ సీటా, కేబినెట్ కుర్చీనా?

మన దగ్గర ఎంపీగా ఉంటూనే మంత్రి కావచ్చు. అమెరికాలో ఒకటి వదులుకోవాల్సిందే. అలబామా రాష్ట్రానికి చెందిన కన్జర్వేటివ్ రిపబ్లికన్ జెఫ్ సెషన్స్ ఇరవై ఏళ్ల సెనేట్ (పార్లమెంటు ఎగువసభ లాంటిది) సీటు వదిలి 2017లో ట్రంప్ కేబినెట్‌లో అటార్నీ జనరల్ (అక్కడ న్యాయశాఖ మంత్రి లాంటి పదవి) అయ్యారు.

భద్రత: సెనేటర్‌కి ఆరేళ్లు ఢోకా లేదు, పైగా 2014లో సెషన్స్‌పై ప్రత్యర్థి డెమోక్రాట్లు అభ్యర్థినే పెట్టలేదు. మంత్రికి అధ్యక్షుడి దయే దిక్కు. 2016 ఎన్నికల్లో రష్యా జోక్యంపై దర్యాప్తు నుంచి తప్పుకున్నారని సెషన్స్‌ను ట్రంప్ ట్విటర్‌లో నలుగురి ముందే దులిపేశారు. 2018లో, అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే పార్లమెంటు ఎన్నికల మర్నాడే రాజీనామా అడిగి తీసుకున్నారు.

అధికారం: సెనేటర్ వందమందిలో ఒకరు. మంత్రిగా సెషన్స్ ఒక్క ఉత్తర్వుతో, అక్రమంగా సరిహద్దు దాటినవారిపై కేసుల తీరే మార్చారు.

తిరుగుదారి: దాదాపు లేదు. 2020లో పాత సీటు అడిగితే సొంత పార్టీ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) ఫుట్‌బాల్ కోచ్ టబర్‌విల్ చేతిలో ఓడారు.

ఒక్క విధానం నెగ్గించుకుంటే చాలనుకునేవారికి కేబినెట్. పదవిలో పాతుకుపోవాలంటే, నన్నడిగితే, సెనేటే.