"రాత్రిళ్లు ఒక్కరే ఉంటారా మేడమ్?" అని అడిగి అమ్మే సెక్యూరిటీ కెమెరాలతో జాగ్రత్త

ఇంటికి కెమెరాలు, అలారం పెట్టించుకుందామనుకుంటున్న ఆడవాళ్లు, అందులోనూ ఒక్కరే ఉండేవాళ్లు, సంతకం పెట్టే ముందు ఇది చదవండి. గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయట్లేదు. రాసినా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే ఆ తర్వాత వేరే కంపెనీల ప్రకటనలు కూడా వరసగా చూశాను, అన్నిటిలోనూ అదే ఆడమనిషి, అదే చీకటి కిటికీ.

మా ఆయనది తిరుగుడు ఉద్యోగం. నెలలో సగం రోజులు ఇంట్లో నేను, మా అమ్మ, ఏడేళ్ల పాప. ఒకరోజు రాత్రి ఫోన్ చూస్తుంటే ఈ ప్రకటన వచ్చింది. ఒకావిడ పిల్లని పడుకోబెట్టి లైటు ఆర్పుతుంది. బయట నల్ల జాకెట్ వేసుకున్న మనిషి. తలుపు పిడి మెల్లగా తిరుగుతుంది, ఆ తిరగడాన్నే చాలాసేపు చూపిస్తారు. అలారం మోగగానే వాడు పరుగు, వెంటనే ఆవిడకి ఫోన్, అవతల ఓ మగ గొంతు, "మేమున్నాం, భయపడకండి" అని. అది మూడుసార్లు చూసి, లేచి వెళ్లి మా తలుపు పిడి పట్టుకుని లాగి చూశాను. ప్రకటన పని అక్కడికే అయిపోయింది. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది గానీ, అలాంటి వాటిలో మగవాడు ఒక్కడే ఇంట్లో కూర్చుని వణకడం మీరెప్పుడైనా చూశారా? మగవాడు కనిపిస్తే ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో పెళ్లాం పిల్లల్ని చూసుకుంటూ కనిపిస్తాడు, అంతే.

మర్నాడు ఫారం నింపాను, గంటలో ఫోన్, సాయంత్రానికి మనిషే వచ్చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్ రాత్రిళ్లు ఉంటారా మేడమ్?" "నెలలో ఎన్ని రోజులు ఉండరు?" "పాప ఏ గదిలో పడుకుంటుంది?" అన్నిటికీ జవాబు చెప్పాను. అంటే అంతకు ముందు ఎప్పుడూ చూడని ఓ మగమనిషికి, మా ఇంట్లో మగవాళ్లు లేని రోజులేవో, ఆడపిల్ల ఏ గదిలో పడుకుంటుందో నా నోటితో నేనే చెప్పి, పైగా మంచినీళ్లు కూడా ఇచ్చాను. దొంగ భయంతో పిలిపించుకున్నవాడికే ఈ వివరాలన్నీ చెప్పానన్న సంగతి నాకు ఆరోజు తట్టనేలేదు.

తర్వాత టాబ్లెట్ తీసి ఓ వీడియో చూపించాడు. ఎక్కడిదో తెలీదు, ఎప్పటిదో తెలీదు, ఒకడు కిటికీ పగలగొడుతున్నాడు, లోపలి నుంచి ఆడమనిషి అరుపు. "రేపు ఏదైనా జరిగాక అయ్యో అనుకుంటే ఏం లాభం మేడమ్" అన్నాడు, పాప వైపు చూస్తూ. ఈ రేటు ఇవాళ్టి వరకేనన్నాడు. అప్పుడు మా అమ్మ వచ్చి, "నాయనా, ఆ వెనక తలుపు గడియ సరిగ్గా పడట్లేదు, అదొకసారి చూడు" అంది. వాడు తల కూడా తిప్పకుండా "అది మా పరిధిలోకి రాదమ్మా" అన్నాడు. ఆ మాట దగ్గరైనా నేను ఆగి ఉండాల్సింది. ఇంటి భద్రత చూడ్డానికి వచ్చినవాడు వెనక తలుపు చూడనంటే ఇక దేనికి వచ్చినట్టు? నేను ఆగలేదు. 36 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాను.

ఇక సామాను సంగతి. మొదటి వారంలోనే, తెల్లవారుజామున 2:40కి ఫోన్ మోగింది, "మీ ఇంటి ముందు కదలిక" అని. తెరిచి చూస్తే తెల్లగా మెరుస్తూ పొడుగాటి చెయ్యి ఒకటి తెర మీద అడ్డంగా కదులుతోంది. గుండె ఆగినంత పనైంది. పాపని ఎత్తుకుని అమ్మ గదిలోకి వెళ్లి గొళ్లెం పెట్టి కూర్చున్నాను. పావుగంటకి అమ్మే కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇది సాలెపురుగు కాలు కదే" అంది. కెమెరా అద్దం మీద గూడు కడుతోంది. తర్వాత తెలిసింది, ఈ కెమెరాలు చీకట్లో చూడ్డానికి కంటికి కనపడని వెలుతురు వేస్తాయి, కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీళ్లు చేరతాయి, అద్దానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇంత పెద్దగా, తెల్లగా కనిపిస్తాయి. ఇది చాలా మామూలు సంగతట. కంపెనీవాడు మాత్రం కెమెరా పెట్టేటప్పుడు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తర్వాత కర్టెన్ ఊగినా, పిల్లి దాటినా, కారు లైటు పడ్డా మోత. నాకు నిద్ర కరువైంది. అంతకు ముందు లేని టెన్షన్ నెలనెలా డబ్బు కట్టి మరీ తెచ్చుకున్నాను.

నాది ఒక్కదాని సమస్యా అని వెతికితే, అమెరికా న్యాయశాఖ పోలీసుల కోసం తెచ్చిన మార్గదర్శకంలోనే దొంగతనం అలారాల కాల్స్‌లో 94 నుంచి 98 శాతం ఉత్తుత్తివేనని రాసి ఉంది. అలాంటప్పుడు నిజంగా ఆపద వచ్చి మోగినా పరుగెత్తుకొచ్చేదెవరు? ఒకరోజు పట్టపగలు కావాలనే ఎమర్జెన్సీ బటన్ నొక్కి గడియారం చూస్తూ కూర్చున్నాను. 11 నిమిషాలకి ఫోన్ వచ్చింది. ముందు పాస్‌వర్డ్ చెప్పమన్నారు. ప్రకటనలో ఆవిడకి మాత్రం దొంగ గేటు దాటకముందే ఫోన్ వచ్చింది. ఇంకో రోజు కరెంటు పోతే వైఫైతో పాటు మొత్తం చచ్చిపోయింది. "బ్యాటరీ బ్యాకప్ వేరే ప్లాన్ మేడమ్" అన్నారు.

ఒక మాట. ఆడవాళ్ల భయం ఉత్తదని నేను అనట్లేదు. అసలు ఇంటికి కెమెరా, తెర, మైకు, దూరం నుంచే తలుపు తీసే బటన్ అన్నీ కలిపి పెట్టాలన్న ఆలోచన చేసింది కూడా ఒక ఆడమనిషే, న్యూయార్క్‌లో నర్సుగా చేసిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. వేళ కాని వేళల్లో ఇంట్లో ఒక్కతే ఉండాల్సి వచ్చేది, పోలీసులు వచ్చేసరికి ఆలస్యమయ్యేది, అందుకని భర్తతో కలిసి 1966లో పేటెంట్‌కి పెట్టుకుంది, 1969లో వచ్చింది. ఆవిడ తన భయానికి ఓ పరికరం కట్టుకుంది. వీళ్లు చేసేది వేరు, పరికరం అమ్ముడుపోవడానికి మనలో భయాన్ని కడుతున్నారు.

కట్టే భయమైనా సరైనదా అంటే అదీ కాదు. అమెరికా న్యాయశాఖ గణాంకాల విభాగం 2003 నుంచి 2007 వరకు ఇళ్లలో జరిగిన దొంగతనాలు లెక్కగట్టింది. 28 శాతం సందర్భాల్లోనే ఇంట్లో ఎవరైనా ఉన్నారు, మిగతావన్నీ ఖాళీ ఇళ్లు. లోపలికి చొరబడి మనుషుల మీద చెయ్యి చేసుకున్న కేసుల్లో 65 శాతం, చేసినవాడు తెలిసినవాడే. ముక్కూ మొహం తెలియనివాళ్లు 28 శాతం. ఐక్యరాజ్యసమితి లెక్కలు ఇంకా భయంకరంగా ఉన్నాయి, 2023లో ప్రపంచం మొత్తమ్మీద హత్యకు గురైన ఆడవాళ్లు, ఆడపిల్లలు సుమారు 85,000 మంది అయితే వాళ్లలో దాదాపు 51,100 మందిని చంపింది భర్తో, ప్రియుడో, కుటుంబంలోనివాళ్లో. తాళంచెవి ఉన్నవాడు తలుపు తీసుకుని లోపలికొస్తే ఏ అలారం మోగుతుంది చెప్పండి? నల్ల జాకెట్ వాడిని చూపిస్తే సరుకు అమ్ముడుపోతుంది, మొగుడిని చూపిస్తే పోదు. అందుకే చూపించరు.

అసలు ఈ పోస్టు రాయడానికి కారణం ఇప్పుడు చెప్పబోయేది. అయిదో నెలలో మా ఆయన ఏదో సెట్టింగ్ మారుద్దామని యాప్ తెరిచాడు. మా ఇంటి కెమెరాలు చూసే హక్కు ఎవరెవరికి ఉందో చూపించే పేజీ ఒకటి ఉంటుంది. అందులో నా నంబరు, ఆయన నంబరు, ఇంకొకటి. ఆ మూడోది మాది కాదు. ఫోన్ చేసి అడిగితే తాపీగా, "బిగించడానికి వచ్చిన టెక్నీషియన్‌ది మేడమ్, టెస్టింగ్ కోసం పెట్టుకుంటారు, తీయడం మర్చిపోయి ఉంటాడు" అన్నారు. అయిదు నెలలు! హాల్లో కెమెరా. ఎండాకాలం అమ్మ, పాప, నేను హాల్లోనే పడుకున్నాం. అతను చూశాడో లేదో నాకు తెలీదు, ఎవరు ఎప్పుడు చూశారో నమోదయ్యే రికార్డు (లాగ్) ఇవ్వమంటే ఇవ్వట్లేదు. ఆరోజు నుంచి హాల్లో బట్టలు మార్చుకున్న సందర్భాలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

ఇలాంటిది పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా జరిగింది. అమెరికాలో ఇళ్లకి అలారాలు, కెమెరాలు పెట్టే ఏడీటీ అనే కంపెనీ టెక్నీషియన్ ఒకడు డాలస్ నగర ప్రాంతంలో సరిగ్గా ఇలాగే కస్టమర్ల అకౌంట్లలో తన ఈమెయిల్ చేర్చుకుని, అందంగా ఉన్న ఆడవాళ్ల ఇళ్లు ఏవో గుర్తుపెట్టుకుని, నాలుగున్నరేళ్లలో 200 దాకా అకౌంట్లని 9,600 సార్లకు పైగా చూశాడు. 2021లో నేరం ఒప్పుకుంటే జైలు పడింది. ఇంటి కెమెరాలు అమ్మే రింగ్ అనే కంపెనీలో ఒక ఉద్యోగి పడగ్గదుల్లో, బాత్రూముల్లో ఉన్న కెమెరాల నుంచి ఆడ కస్టమర్ల వీడియోలు నెలల తరబడి వేలల్లో చూశాడని వినియోగదారుల హక్కులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు పెట్టింది. ప్రకటనల్లో మాత్రం ఇప్పటికీ దొంగ కిటికీలోంచే వస్తున్నాడు, నిచ్చెన వేసుకుని మనమే చూపించిన గోడకి కెమెరా బిగించి వెళ్లడు.

కాబట్టి ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు ఈ పోస్టు మధ్యలో ఆపి అయినా సరే యాప్‌లో ఆ యూజర్ల పేజీ చూడండి, తెలియని నంబరు ఉంటే ముందు ఫొటో తీసుకుని తర్వాత తొలగించండి, నేను కంగారులో ముందే తీసేసి సాక్ష్యం పోగొట్టుకున్నాను. పాస్‌వర్డ్ మార్చండి, రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా అడిగేది) పెట్టండి. కొత్తగా కొనేవాళ్లు, వచ్చినవాడు మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు ఉండరని అడిగితే చెప్పకండి, గడియలూ కిటికీలూ చూశాడా లేదా గమనించండి. ఒప్పందంలో మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, గడువు అయ్యాక దానంతటదే కొనసాగుతుందో చదవండి. మాది కొనసాగుతుందట, 60 రోజుల ముందు కాగితం మీద రాసి ఇవ్వకపోతే. పడగ్గదిలో, హాల్లో మాత్రం కెమెరా వద్దు, ఎవరెంత చెప్పినా.

రద్దు చేయమని ఫోన్ చేసినప్పుడు లైన్లోకి ఓ అమ్మాయి వచ్చింది. కారణం మొత్తం విన్నది. విని, "ఆడపిల్ల ఉన్న ఇల్లు కదా మేడమ్, ఒకసారి ఆలోచించుకోండి" అంది. ఆ ఆడపిల్ల కోసమే రద్దు చేస్తున్నానమ్మా అన్నాను. ఆ రాత్రే మెసేజ్ వచ్చింది, "ఈరోజు అర్ధరాత్రి నుంచి మీ ఇంటికి రక్షణ లేదు" అని, పక్కన ఎర్రటి తాళం బొమ్మ. పాప చదివి, అమ్మా దొంగలొస్తారా అని అడిగింది.

హాల్లో కెమెరా తీసి అటక మీద పడేశాం. వెనక తలుపుకి వడ్రంగిని పిలిపిస్తే, గడియ దిగే చోట చెక్క పుచ్చిపోయిందని కొత్త చెక్క వేసి పొడుగాటి మరలు బిగించాడు, అరగంట పని. ఒప్పందంలో ఇంకా 29 నెలలు ఉన్నాయి, కట్టాల్సిందేనంటున్నారు. లాగ్ ఇమ్మనీ రద్దు చెయ్యమనీ రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. మూడోది రేపు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.